ముప్పై ఏడేళ్ల వయసులో వంట బడికి: జూలియా చైల్డ్ జీవితం

పరాయి దేశం చూడ్డానికి వెళ్లినవాళ్లు ఈ రోజుల్లో కోటలు, బజార్లు చూసి ఊరుకోవడం లేదు. ఇస్తాంబుల్ వెళ్లినా, బ్యాంకాక్ వెళ్లినా ఒక పూట అక్కడి వంట నేర్పే క్లాసులో కూర్చుని, రెండు మూడు వంటకాలు చేతులారా చేసి, వాటినే తిని వస్తున్నారు. ఫొటోలు తీసుకుంటారు, ఇంటికొచ్చాక ఒకసారి చేసి చూస్తారు, ఆ తర్వాత మర్చిపోతారు. తప్పేమీ లేదు. కానీ సుమారు ముప్పావు శతాబ్దం క్రితం ఒకావిడ ఇలాగే పరాయి ఊళ్లో వంట క్లాసులో చేరారు. ఆ క్లాసు ఆమె జీవితాన్నే కాదు, ఒక దేశం వంటింటినే మార్చేసింది. ఆమె పేరు జూలియా చైల్డ్. ఆమె చనిపోయి ఇరవై ఏళ్లు దాటింది. అయినా అమెరికాలో వంట గురించి మాట్లాడేవాళ్లు ఆమె పేరు ఎత్తకుండా ఉండలేరు.

ఈ కథలో మనం ముందే తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. ఆ వంట బడి పరీక్షలో ఆమె మొదటిసారి ఫెయిలయ్యారు.

వంట రాని ఇంటి అమ్మాయి

జూలియా 1912 ఆగస్టు 15న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, పాసడేనాలో పుట్టారు. మన స్వాతంత్ర్య దినం తారీఖే ఆమె పుట్టినరోజు అన్నమాట. తండ్రి భూముల వ్యవహారాలు చూసే ధనవంతుడు. తల్లి పుట్టిల్లు కాగితం మిల్లుల కుటుంబం. ఇంట్లో వంటమనిషి ఉండేది. అందుకని ఆడపిల్ల అయినా జూలియాకు పొయ్యి దగ్గరికి వెళ్లే అవసరం రాలేదు. తినడం బాగా తెలుసు, వండడం మాత్రం తెలియదు.

మనిషి చాలా పొడుగు. 6 అడుగుల 2 అంగుళాలు. గొంతు కూడా మామూలు గొంతు కాదు, సన్నగా పైకి లేచి కూతపెట్టినట్టు ఉండేది. 1934లో స్మిత్ కాలేజీలో చరిత్ర చదివి డిగ్రీ తీసుకున్నారు. న్యూయార్క్‌లో ఒక ఫర్నిచర్ దుకాణానికి ప్రకటనలు రాసే ఉద్యోగం చేశారు. 1937లో తల్లి చనిపోయారు. ముప్పై ఏళ్లు వస్తున్నా, తాను దేనికి పనికొస్తానో ఆమెకే తెలియలేదు. ఆ కాలంలో ఆ వయసు అమ్మాయికి పెళ్లి కాకపోతే చుట్టాలు ఏమనుకుంటారో మనకు వేరే చెప్పక్కర్లేదు.

అంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. సైన్యంలోని మహిళా దళంలో చేరదామని వెళితే, ఎత్తు ఎక్కువైందని తీసుకోలేదు. అప్పుడు యుద్ధకాలపు గూఢచారి సంస్థ అయిన ఓఎస్‌ఎస్‌లో చేరారు. గూఢచారి అంటే సినిమాల్లోలా వేషాలు మార్చుకుని తిరగడం కాదు. రహస్య కాగితాలను వరుసలో పెట్టి, ఏది ఎక్కడుందో లెక్క తెలిసి ఉండే ఆఫీసు పని. ఈ ఓర్పు, ఈ లెక్క తర్వాత వంట పుస్తకానికి ఎంత ఉపయోగపడ్డాయో ముందు ముందు చూద్దాం.

1944లో ఆమెను సిలోన్‌కు, అంటే నేటి శ్రీలంకకు పంపారు. క్యాండీ పట్టణంలో ఉద్యోగం. అక్కడే పాల్ చైల్డ్ పరిచయమయ్యారు. ఆయన మ్యాపులు, బొమ్మలు, ప్రదర్శనలు తయారుచేసే విభాగంలో ఉండేవారు. ఆమెకన్నా పదేళ్లు పెద్ద, ఎత్తులో ఆమెకన్నా తక్కువ. బాగా చదువుకున్న మనిషి, ఫ్రాన్సులో బతికి వచ్చినవారు, మంచి భోజనం అంటే ప్రాణం. తర్వాత ఇద్దరూ చైనాలోని కున్‌మింగ్‌లో పనిచేశారు. అక్కడ ఆఫీసు మెస్సు తిండి బాగుండక ఊళ్లోని చైనా భోజనశాలలకు వెళ్లేవారు. తిండి గురించి గంటలు గంటలు మాట్లాడుకోవచ్చని జూలియాకు అక్కడే తెలిసింది.

1946 సెప్టెంబర్ 1న పెళ్లి. అంతకు ముందు రోజే కారు ప్రమాదం జరిగింది. పెళ్లికూతురు తలకు కట్టుతోనే పెళ్లి చేసుకున్నారు. పాల్ భావాలు జూలియా తండ్రికి నచ్చేవి కావు. ఆ దూరం చివరిదాకా పోలేదు. అయినా వీళ్ల కాపురం దాదాపు 48 ఏళ్లు చెక్కుచెదరకుండా సాగింది. పిల్లలు మాత్రం కలగలేదు.

రువాన్‌లో ఒక భోజనం

పాల్‌కు అమెరికా ప్రభుత్వ సమాచార విభాగంలో ఉద్యోగం వచ్చి, పారిస్‌కు వేశారు. 1948 నవంబర్ 3న భార్యాభర్తలు ఓడ దిగి, కారులో పారిస్ బయల్దేరారు. దారిలో రువాన్ పట్టణంలో లా కురోన్ అనే పాత భోజనశాలలో ఆగారు. అక్కడ వెన్నలో వేయించిన సోల్ చేపను వడ్డించారు. చేప, వెన్న, నిమ్మరసం, కాస్త పచ్చి ఆకుకూర. అంతే. మసాలా ఏమీ లేదు. ఆ ముద్ద నోట్లో పెట్టుకున్నాక జూలియాకు మతిపోయింది. ఇంత తక్కువ వస్తువులతో ఇంత రుచి ఎలా వచ్చిందన్నది ఆమెకు అర్థం కాలేదు. ఆ భోజనమే తన జీవితాన్ని మలుపు తిప్పిందని ఆమె చివరిదాకా చెప్పుకునేవారు.

పారిస్‌లో మొదటి ఏడాది భాష నేర్చుకోవడానికే సరిపోయింది. భర్త ఆఫీసుకు వెళ్లాక ఆమె సంచీ పట్టుకుని మార్కెట్‌కు వెళ్లేవారు. ఫ్రాన్సులో దుకాణదారుడితో ముందు పలకరింపు, నాలుగు మాటలు, ఆ తర్వాతే బేరం. తొందరపడి వేలు చూపించి ఇదివ్వు అదివ్వు అంటే పని జరగదు. మన పాతబస్తీ దుకాణాలూ అంతే కదా! కూరగాయలమ్మే ఆవిడతో మాట్లాడుతూ మాట్లాడుతూ ఏ నెలలో ఏ కూర బాగుంటుందో జూలియా నేర్చుకున్నారు. నిజానికి ఆమె మొదటి వంట క్లాసు అదే.

పదకొండు మంది సైనికులు, ఒక ఇల్లాలు

1949 అక్టోబర్‌లో, 37 ఏళ్ల వయసులో, జూలియా పారిస్‌లోని కార్డాన్ బ్లూ వంట బడిలో చేరారు. 1895 నుంచి నడుస్తున్న పేరున్న సంస్థ అది. మొదట ఆమెను ఇల్లాళ్లకు నేర్పే క్లాసులో వేశారు. రెండు రోజుల్లోనే అది తనకు చాలదని తెలిసిపోయింది. పై క్లాసు అడిగితే, వృత్తి వంటవాళ్ల కోసం నడిపే ఏడాది కోర్సులో చోటు ఇచ్చారు.

ఆ క్లాసులో ఉన్నవాళ్లంతా అమెరికా మాజీ సైనికులు, పదకొండు మంది. యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ల చదువుకు అమెరికా ప్రభుత్వం డబ్బు కట్టేది. ఆ డబ్బుతో వంట నేర్చుకుని హోటలో, బేకరీయో పెట్టుకుందామని వాళ్లు వచ్చారు. ఆడమనిషి ఒక్క జూలియానే. నేలమాళిగలో ఇరుకు వంటగది. ఉదయం ఏడున్నరకు క్లాసు మొదలు. అది అయ్యాక ఇంటికి పరుగెత్తి, పొద్దున నేర్చుకున్నది మధ్యాహ్నం భర్తకు వండిపెట్టి, మళ్లీ సాయంత్రం వంట ఎలా చేస్తారో చూపించే పాఠానికి వెళ్లేవారు. ఇలా నెలల తరబడి.

ఆమె ఉస్తాద్ పేరు మాక్స్ బ్యుగ్నార్. అప్పటికే డెబ్భై దాటిన పెద్దాయన. ఫ్రెంచి వంటకు పెద్ద దిక్కు అయిన ఎస్కోఫియే దగ్గర లండన్‌లో పనిచేసినవారు. మొదట్లో ఒక రోజు ఆయన గుడ్లు కలిపి వేయించడం చూపించమన్నారు. అదెంత పని అనుకున్నారు జూలియా. గబగబా గిలక్కొట్టి, వేడి పెనం మీద పోసి, చకచకా కలిపారు. ఉస్తాద్ ఆపేశారు. మంట బాగా తగ్గించి, గుడ్లను మెల్లగా కదుపుతూ, అవి చిక్కబడే సమయం కోసం ఓపిగ్గా ఎదురుచూసి, సరిగ్గా అప్పుడే దించి, ఇంకా ఉడికిపోకుండా చివర్లో కాస్త వెన్నో మీగడో కలపాలని చేసి చూపించారు. రోజూ చేసే పనే తనకు రాదని ఆమెకు అప్పుడు తెలిసింది. దమ్ మీద పెట్టిన బిర్యానీ మూత మాటిమాటికీ తీయొద్దని మన నానీ, దాదీలు ఎందుకు కసురుకునేవారో తెలిసినవాళ్లకు ఈ పాఠం కొత్త కాదు. వంటలో సగం సబర్.

బడి మహా గొప్పగా ఏమీ లేదు. సామాను చాలదు, పరికరాలు పాతవి. బడి యజమానురాలు ఎలిజబెత్ బ్రసార్‌కూ జూలియాకూ పడేది కాదు. ఉస్తాద్ మంచివాడు, నిర్వహణ మంచిది కాదు. ఇలాంటి బడులు మనమూ చూశాం. చివరకు పట్టా పరీక్ష పెట్టమని అడిగినా చాలాకాలం పెట్టలేదు. జూలియా పట్టుబట్టి అడగ్గా అడగ్గా 1951లో పెట్టారు.

ఫెయిలైన రోజు

పరీక్ష కోసం ఆమె కష్టమైనవన్నీ చదువుకుని వెళ్లారు. పెద్ద పెద్ద సాస్‌లు, చేపల వంటకాలు, మాంసం వంటకాలు అన్నీ నోటికి వచ్చు. తీరా చూస్తే, అడిగింది మూడు సాదా వంటకాలు. పచ్చసొన మెత్తగా ఉండేలా ఉడికించి పెంకు వలిచిన గుడ్డు ఒకటి, దూడమాంసం ముక్కతో చేసేది ఒకటి, క్యారమెల్ కస్టర్డ్ ఒకటి. కొత్తగా చేరినవాళ్లకు బడివాళ్లు ఇచ్చే చిన్న పుస్తకంలో ఉన్నవే ఇవన్నీ. ఆమె ఆ చిన్న పుస్తకాన్ని చిన్నచూపు చూసి చదవలేదు. గుడ్డును వేరేలా చేశారు. కస్టర్డ్‌లో పాలెంత, గుడ్లెన్ని అన్న కొలత గుర్తురాలేదు. ఫెయిలయ్యారు.

ఎంత సిగ్గుగా ఉండి ఉంటుందో ఆలోచించండి. 38 ఏళ్ల మనిషి. రోజుకు పది గంటలు వంటగదిలోనే గడిపింది. తెలిసినవాళ్లందరికీ చెప్పుకుంది. చివరికి గుడ్డు దగ్గర తప్పింది! కోపం ఎవరి మీద? మొదట బడి మీద, తర్వాత తన మీద. కానీ ఆమె ఇంట్లో కూర్చుని ఏడవలేదు. ఆ చిన్న పుస్తకం మొత్తం కంఠస్థం పట్టి, మళ్లీ పరీక్ష రాసి పాసయ్యారు. పట్టా చేతికొచ్చింది.

ఈ ఓటమి ఆమెకు మంచి పాఠం నేర్పింది. తెలిసిందే కదా అనుకున్న చోటే మనిషి తప్పుతాడు. అందుకే తర్వాత ఆమె రాసిన పుస్తకంలో గుడ్డు ఉడికించడం దగ్గర్నుంచి ప్రతిదీ, ఏమీ తెలియనివాళ్లకు చెప్పినట్టు, మెట్టు మెట్టుగా ఉంటుంది.

తొమ్మిదేళ్ల పుస్తకం

పారిస్‌లో సిమోన్ బెక్, లూయిజెట్ బెర్తోల్ అనే ఇద్దరు ఫ్రెంచి మహిళలతో స్నేహం కలిసింది. 1952లో ముగ్గురూ కలిసి జూలియా ఇంటి వంటగదిలోనే చిన్న వంట బడి పెట్టారు. పారిస్‌కు వచ్చిన అమెరికా మహిళలే విద్యార్థులు. నిన్న నేర్చుకున్న మనిషి ఇవాళ నేర్పడం మొదలుపెట్టింది. ఆమె ఉస్తాద్ బ్యుగ్నార్ కూడా వచ్చి పాఠాలు చెప్పేవారు.

ఆ ఫ్రెంచి స్నేహితులిద్దరూ అప్పటికే అమెరికావాళ్ల కోసం ఒక వంట పుస్తకం రాస్తున్నారు. అది సరిగ్గా కుదరక జూలియాను కలుపుకున్నారు. ఆమె చేతిలో పడ్డాక అది మామూలు పుస్తకం కాకుండా పోయింది. ప్రతి వంటకాన్నీ పదే పదే చేసి చూసేవారు. ఫ్రాన్సు పిండి వేరు, అమెరికా పిండి వేరు. మాంసం కోసే పద్ధతి వేరు. కొలతలు వేరు. అన్నీ రాసుకుని, కాగితాలు వరుసలో పెట్టుకుని, మళ్లీ చేసి చూసేవారు. ఒక చలికాలం ఎప్పుడూ కుదిరే మయోనీస్ కుదరడం మానేసింది. ఎందుకని వదలకుండా వెతికితే, చల్లటి గిన్నె, చల్లటి పచ్చసొన కారణమని తేలింది. గిన్నెను కాస్త వెచ్చచేస్తే కుదిరింది. ఇలా ఒక్కొక్క దానికీ కారణం పట్టుకున్నారు. యుద్ధకాలంలో రహస్య కాగితాలు సర్దిన చేతులు ఇప్పుడు వంటకాలు సర్దాయి.

ఈలోగా భర్త ఉద్యోగం వల్ల ఊళ్లు మారుతూనే ఉన్నాయి. మార్సే, జర్మనీ, వాషింగ్టన్, నార్వేలోని ఓస్లో. ఎక్కడికి వెళ్లినా సామాను కట్టుకోవడం, మళ్లీ వంటగది అమర్చుకోవడం. గల్ఫ్‌లో ఉద్యోగాలు చేసేవాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు. 1955లో ఇంకో కష్టం వచ్చింది. అమెరికాలో అప్పుడు ఎవరిని చూసినా కమ్యూనిస్టు అని అనుమానించే రోజులు. పాల్‌ను జర్మనీ నుంచి పిలిపించి ప్రశ్నలు వేశారు. ఏ తప్పూ లేదని తేల్చారు గానీ, ఆ మచ్చ మనసులో ఉండిపోయింది.

పుస్తకం సంగతి చూద్దాం. మొదట ఒప్పుకున్న ప్రచురణకర్తలకు 1958లో ఏడు వందల పేజీలకు పైగా పంపిస్తే, ఇంత పెద్దది వద్దన్నారు. అందులో ఉన్నది సాస్‌లు, కోడి, బాతుల వంటకాలే మరి! తిరగరాసి మళ్లీ పంపిస్తే 1959లో అదీ వద్దన్నారు. ఏళ్ల కష్టం. ఎవరైనా అక్కడితో వదిలేసేవారు. ఒక స్నేహితురాలి సాయంతో ఆ కాగితాలు నాఫ్ అనే సంస్థలో పనిచేసే జుడిత్ జోన్స్ అనే యువ ఎడిటర్ చేతికి వెళ్లాయి. ఆవిడ ఇంటికి తీసుకెళ్లి వండి చూశారు. చెప్పినట్టు చేస్తే చెప్పినట్టే వచ్చింది. 1961 అక్టోబర్‌లో పుస్తకం వెలువడింది. 726 పేజీలు. జూలియాకు అప్పటికి 49 ఏళ్లు.

టీవీలో జూలియా

పాల్ ఉద్యోగం మానేశాక ఇద్దరూ అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో స్థిరపడ్డారు. ఆమె ఎత్తుకు సరిపోయేలా పాల్ వంటగది గట్లను ఎత్తుగా కట్టించారు. అంతదాకా ప్రతి ఇంట్లో నడుము వంచుకునే వండింది మరి. 1962లో బోస్టన్ టీవీలో పుస్తకాల కార్యక్రమానికి పిలిస్తే, ఊరికే మాట్లాడడం ఏమిటని ఆమె చిన్న పొయ్యి, పెనం, గుడ్లు తీసుకెళ్లి అక్కడే ఆమ్లెట్ వేశారు. ఆ కార్యక్రమం చూసి 27 మంది ఉత్తరాలు రాశారు, ఆవిడను మళ్లీ చూపించండని. అలా 1963 ఫిబ్రవరిలో ది ఫ్రెంచ్ చెఫ్ మొదలైంది. పదేళ్లలో రెండు వందలకు పైగా భాగాలు వచ్చాయి.

ఆమెలో జనానికి నచ్చింది ఏమిటి? తప్పులు దాచుకోకపోవడం. ఒకసారి పెనం మీది బంగాళదుంపల అట్టును ఎగరేసి తిప్పబోతే, కొంత పొయ్యి గట్టు మీద పడింది. ఆమె దాన్ని ఎత్తి మళ్లీ పెనంలో వేసి నవ్వేశారు. తర్వాత జనం నోట అది కింద పడ్డ కోడిగా మారి, ఇప్పటికీ తిరుగుతోంది. పరీక్షలో గుడ్డు దగ్గర ఫెయిలైన మనిషికి, వంట చెడగొట్టుకున్న ఇల్లాలి మనసు తెలుసు. పేరు వచ్చాక ఎన్నో కంపెనీలు తమ వస్తువులు బాగున్నాయని చెప్పమని అడిగాయి. ఆమె ఎవరికీ చెప్పలేదు. తన మాటను అమ్ముకోలేదు.

కష్టాలు అక్కడితో ఆగలేదు. 1968లో రొమ్ము క్యాన్సర్ వచ్చి ఆపరేషన్ అయింది. కోలుకుని మళ్లీ పనిలో దిగారు. పుస్తకం రెండో భాగం కోసం ఫ్రెంచి రొట్టె ఇంటి ఓవెన్‌లో ఎలా చేయాలో భార్యాభర్తలు కలిసి ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశారు. కుదరకపోతే ఫ్రాన్సు వెళ్లి రొట్టెల మేస్త్రీ దగ్గర మళ్లీ విద్యార్థిగా నిలబడ్డారు. అప్పటికి ఆమె దేశమంతా తెలిసిన గురువు. 1974లో పాల్‌కు గుండెజబ్బు, దాంతోపాటు పక్షవాతం వచ్చి మాట తడబడింది. 1994లో ఆయన పోయేదాకా ఆమె ఆయన్ను చూసుకుంటూనే పనిచేశారు.

2004 ఆగస్టు 13న, 92వ పుట్టినరోజుకు రెండు రోజుల ముందు, జూలియా కన్నుమూశారు. ఆమె కేంబ్రిడ్జ్ వంటగదిని అప్పటికే గరిటెలు, పెనాలతో సహా వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియానికి తరలించారు. ఎత్తుగా కట్టిన ఆ గట్లు ఇప్పుడూ అక్కడ చూడొచ్చు.

మనకేం పనికొస్తుంది

ఆమె పుస్తకంలో వైన్ పోసే వంటకాలు, పందిమాంసం వంటకాలు చాలానే ఉన్నాయి. అవి మన దస్తర్‌ఖాన్ మీదికి రావు. అది వేరే మాట. కానీ మాంసం తడి తుడిచాకే వేయించాలి, లేదంటే ఎర్రబడకుండా నీళ్లూరుతుందన్న మాట సాలన్‌కైనా, కబాబ్‌కైనా పనికొస్తుంది. ఇంకా పెద్ద విషయం, ఆమె నేర్చుకున్న తీరు.

మన ఇళ్లల్లో పెళ్లయి జెద్దాకో, షికాగోకో వెళ్లిన ఆడపిల్లలు ఎంతమంది లేరు? భర్త డ్యూటీకి వెళ్లాక నాలుగు గోడల మధ్య, భాష రాని ఊళ్లో, రోజు ఎలా గడుస్తుందో వాళ్లకే తెలుసు. ముప్పై దాటాయి, నలభై వస్తున్నాయి, ఇప్పుడేం నేర్చుకుంటాం అనుకునే తల్లులూ ఉన్నారు. జూలియా కూడా అలా భర్త వెంట సామాను కట్టుకుని వెళ్లిన ఇల్లాలే. పక్క వీధిలోని కూరగాయలావిడతో మాట కలిపారు, ఊళ్లోని బడిలో చేరారు, తెలియదని ఒప్పుకున్నారు, ఫెయిలైతే మళ్లీ రాశారు. మిగతాదంతా ఆ తర్వాత వచ్చింది.

ఈసారి మీ అమ్మాయి పరాయి ఊరు నుంచి ఫోన్ చేసి అక్కడేదో క్లాసులో చేరతానంటే, ఈ వయసులో ఎందుకమ్మా అనకండి. ఫీజు ఎంతో అడగండి.